ఎడమ చేతి వైపు ఏముంది?

మా బావగారు, అంటే మావారి అన్నగారు, ఎవరినీ ఊరికే నమ్మరు. ఎంత తెలిసినవాళ్ళయినా సరే, గుమ్మంలో గానీ ఫోన్లో గానీ ఆయనతో మాట కలపాలంటే ముందు ఒక ప్రశ్నకి జవాబు చెప్పాలి. సరిగ్గా చెబితే "పాస్" అంటారు, అప్పుడు కుశలం అడుగుతారు. చెప్పలేకపోతే కట్టుకున్న భార్య అయినా ఫెయిలే. వీధిలో పిల్లలు ఆయనకి 'ప్రశ్నపత్రం' అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళని అలా అనకూడదని తల్లులు పిల్లల్ని కోప్పడ్డారు. తర్వాత వాళ్ళకీ ఆ పేరే అలవాటయిపోయింది.

మావారు నిరుడు వానాకాలంలో పోయారు. ఆయన గొంతు మాత్రం ఇంకా మా ఇంట్లో, ఆయన ఫోన్లో ఉంది. అది ఉందంటే ఈ ప్రశ్నపత్రం చలవే. ఆ సంగతి చెప్పాలనే మొదలుపెట్టాను గానీ, మా బావగారి గురించి చెప్పేటప్పుడు నేరుగా విషయంలోకి వెళ్ళడం ఎవరివల్లా కాదు.

ఆయనది తాళాల పని. వీధి మొదట్లో టైలరు కొట్టుకీ మందుల షాపుకీ మధ్య, మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టనంత కొట్టు. గోడ నిండా తాళంచెవులు. చెవి పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి పిలిస్తే సంచి భుజాన వేసుకుని వెళ్ళి తలుపు తీసిపెడతారు. అయితే తాళం మీద చెయ్యి వేసే ముందు ఒక మాట అడుగుతారు.

"తలుపు తియ్యగానే ఎడమ చేతి వైపు ఏముంది?"

ఇల్లు వాళ్ళదే అయితే ఆలోచించకుండా చెబుతారు, కాకపోతే ఆలోచిస్తారు, అదీ ఆయన లెక్క. తలుపు తీశాక ముందు తన తల ఒక్కటే లోపలికి పెట్టి చూస్తారు. చెప్పింది చెప్పినచోట ఉంటేనే మిగతావాళ్ళకి దారి. లేకపోతే మళ్ళీ తాళం వేసేసి, వీధంతా వినపడేలా ఇరుగుపొరుగుల్ని పిలుస్తారు.

ఒకసారి ఒక పెద్దమనిషిని ఇలాగే అడిగితే ఆయన తడుముకోకుండా "మా అత్తగారు" అన్నాడట.

"వేళాకోళమా?"

"లేదండీ. ఎడమ చేతి వైపు మా అత్తగారే ఉంటారు."

"లోపల మనిషి ఉంటే మరి నేనెందుకు?"

"ఆవిడకి చెవుడండీ. బెల్లు కొట్టీ కొట్టీ నా వేలు వాచిపోయింది."

బావగారు తాళం తీసి తల పెట్టి చూశారు. ఎడమ వైపు వాలుకుర్చీలో ఆవిడ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. తల వెనక్కి తీసుకుని "పాస్" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడ లేచేలోగా నేను వెళ్ళిపోతాను. లేచి మీరెవరని అడిగితే ఆ పరీక్ష మీరే రాసుకోండి" అని సంచి సర్దుకుని వచ్చేశారు.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఈ అలవాటు కొట్టు దాటి ఇంట్లోకి వచ్చింది. "తలుపు అవతల ఎవరున్నారో కనపడదు. ఫోను అవతలా కనపడదు. తేడా ఏముంది?" అంటారు. మా తోడికోడలు, అంటే ఆయన భార్య, నేను అక్కయ్య అని పిలుస్తాను, ఒకరోజు బజారు నుంచి ఫోను చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"నేనేనండీ."

"నేనే అంటే? లోకంలో అందరూ నేనే."

"మీ పెళ్ళాన్ని."

"ఆ మాట ఎవరైనా చెప్పచ్చు. నిన్న నన్ను దేనికి తిట్టావో చెప్పు."

"ఏది చెప్పను? పొద్దున్నదా, సాయంత్రందా?"

"పాస్. ఏం కావాలి?"

"ఏం కావాలో మర్చిపోయాను మీ పరీక్షలో పడి" అని అక్కయ్య ఫోను పెట్టేసింది.

అక్కయ్య ఊరికే ఉండే మనిషి కాదు. ఒక సాయంత్రం ఆయన కొట్టు కట్టేసి ఇంటికొచ్చి తలుపు కొడితే లోపల గొళ్ళెం పెట్టుకుని, "ఎడమ చేతి వైపు ఏముంది?" అంది. ఆయన నవ్వుకుంటూ "బల్ల" అన్నారు. "ఫెయిల్" అంది లోపల్నించి. "నా ఇల్లు, నా బల్ల, నేను ఫెయిలేమిటే" అంటే, "బల్ల మధ్యాహ్నం కిటికీ కిందికి జరిపాను, మీ రూలు మీదే" అంది. పాపం, మెట్ల మీద కూర్చున్నారు. దారిన పోయేవాళ్ళు ఏమైందని అడిగితే దాచకుండా చెప్పారు: "ప్రశ్న న్యాయమైనదే. తీసెయ్యడానికి లేదు."

మోసగాళ్ళ ఫోన్లు వస్తే ఆయనకి అదో సంబరం. బ్యాంకు నుంచి అని ఒకడు చేసి, కార్డు ఆగిపోయింది, నంబరు చెప్పమన్నాడు. "చెప్తాను బాబూ, నాకేం. మన బ్యాంకు తలుపు తియ్యగానే ఎడమ చేతి వైపు ఏముంది?" "ఏసీ సార్." "ఏసీ పైన కదా." "మేనేజరు గది." "కాదు." "మొక్క సార్, మొక్క." "నీళ్ళ డబ్బా బాబూ. గొలుసుతో కట్టిన గ్లాసుతో సహా. రోజూ ఆఫీసుకి వెళ్తూ అదీ చూడవా? నువ్వు ముందు ఒకసారి మన బ్యాంకుకి రా, ఇద్దరం కలిసి చూద్దాం." వాడే ఫోను పెట్టేశాడు.

ఇంకొకడు పోలీసు బట్టలేసుకుని వీడియోలో కనిపించాడు. మీ పేరు మీద నేరం ఉంది, మిమ్మల్ని ఫోన్లోనే అరెస్టు చేశాం, కెమెరా ముందు నుంచి కదలకూడదు, ఇంట్లోవాళ్ళకి చెప్పకూడదు అన్నాడు. బావగారు ఫోను ముక్కుకి ఆనించి చూశారు. వాణ్ణి కాదు, వాడి వెనక తలుపుని.

"బాబూ, ఆ తాళం ఎక్కడ కొన్నావు?"

"ఏయ్, నేనెవరో తెలుసా?"

"నువ్వెవరో తర్వాత. ఆ తాళం జడపిన్నుకి వచ్చేస్తుంది. దాని వెనక దొంగల్ని పెట్టావంటే ఒక్కడూ మిగలడు. మంచిది నా దగ్గరుంది, స్టేషనుకి పట్టుకురానా? అడ్రసు చెప్పు."

వాడు అడ్రసు చెప్పలేదు. "ఫోన్లో అరెస్టు చెయ్యడమనేది లోకంలో లేదు. ఎవరికీ చెప్పకు అన్నాడంటేనే వాడు దొంగని తెలుసుకోవాలి. అందుకే నేను వీధంతా చెప్తున్నాను" అని ఆ వేళ టైలరు మొదలుకుని మందుల షాపులో క్యూ కట్టినవాళ్ళ దాకా అందరికీ చెప్పి వచ్చారు.

నవ్వుకుంటూనే ఇంకొకటి చెప్పాలి. మా అమ్మాయి కాలేజీలో చేరిన కొత్తలో బావగారు ఏదో పని మీద దానికి ఫోను చేసి, "మీ పిల్లికి ఏ చెవి చిరిగింది?" అని అడిగారు. ఆ పిల్లిని పాలు పట్టి పెంచింది అదే, అయినా జవాబు చెప్పలేకపోయింది. ఆయన ఇంకేమీ అడక్కుండా కొట్టు మూసేసి మా ఇంటికి వచ్చేశారు.

"ఈ పిల్ల ఫెయిలవడమేమిటి? ఏమైందమ్మా?"

అది బావురుమంది. ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు ఫోన్లో దాని ఫొటో తీసుకుని, ఇంకెవరి ఒంటికో అతికించి, అడిగినట్టు చెయ్యకపోతే అందరికీ పంపిస్తానని బెదిరిస్తున్నాడట. తిడతామని మాకు చెప్పలేదు. బావగారు దాని పక్కన నేల మీద కూర్చున్నారు.

"తాళం పగిలితే ఇల్లుగలవాళ్ళని ఎవరైనా తిడతారా? పగలగొట్టినవాణ్ణి వెతుకుతారు. ఇందులో నీ తప్పు లేదు. వాడికి ఒక్క ముక్క జవాబివ్వకు, ఒక్క ముక్క చెరిపెయ్యకు. వాడు పంపినవన్నీ ఫొటోలు తీసిపెట్టు, వాణ్ణి బ్లాకు చెయ్యి, పద."

మావారూ ఆయనా కలిసి దాన్ని పోలీసుల దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ బల్ల వెనకాల ఉన్న ఆవిడ "చెప్పండి" అనగానే, ఈ మహానుభావుడు "ముందు మీరు పోలీసేనని ఏమిటి రుజువు?" అన్నారు. స్టేషన్లో. యూనిఫారంలో ఉన్న మనిషిని. మావారు గోడ వైపు తిరిగిపోయారట, మా అమ్మాయి చున్నీలో మొహం దాచుకుందట. ఆవిడ మాత్రం కలం కూడా దించకుండా, "ఎడమ చేతి వైపు చెప్పుల అలమర. నిరుడు మా ఇంటి తాళం మీరే తీశారు, మర్చిపోయారా?" అంది.

"పాస్" అన్నారు బావగారు. "రామ్మా, కూర్చో. మన మనిషే."

బెదిరించినవాడి ఖాతా మూతపడింది. వాడు మళ్ళీ మా జోలికి రాలేదు. ఏడుస్తూ వెళ్ళిన పిల్ల నవ్వుతూ తిరిగొచ్చింది. అది ఎవరి పుణ్యమో నాకు తెలుసు.

ఇక మావారి సంగతి. ఆయన మోటార్లకి వైండింగు చేసే వర్క్‌షాపులో పనిచేసేవారు. చేతులకి ఎప్పుడూ గ్రీజు, అందుకని మెసేజు రాసేవారు కాదు, మాట్లాడి పంపేవారు. రోజూ సాయంత్రం పని ముగిసే వేళకి ఒకటే మాట: "బయల్దేరుతున్నా. వచ్చేటప్పుడు ఏమైనా తేవాలా?" అంతే. ఏళ్ళ తరబడి అవే మాటలు. నా పాత ఫోను పాడై అందులోవి పోయాయి, ఇక ఆయన ఫోన్లోవే మిగిలాయి. ఆయన పోయాక ఆ ఫోను నేను రోజూ ఛార్జింగు పెట్టి, ఒక్కటి విని, మళ్ళీ బీరువాలో పెట్టేదాన్ని.

ఆయన పోయాక మా ఇంట్లో ఆయన పేరు కూడా పోయింది. నా ఎదుట ఆయన మాట ఎత్తితే నేనెక్కడ కుప్పకూలిపోతానోనని అందరికీ భయం. పక్కింటావిడ "మీవారు ఉన్నప్పుడు" అనబోయి, నన్ను చూసి, "మీ... మీ మొక్కలు బాగా ఎదిగాయండీ" అనేది. మా మొక్కలు ఆ ఏడాదంతా ఎండిపోయే ఉన్నాయి.

బావగారు మాత్రం రోజూ సాయంత్రం ఫోను చేసేవారు. రోజూ పరీక్షే. తమ్ముడు పోయాడనీ మరదలు దుఃఖంలో ఉందనీ మినహాయింపులిచ్చే మనిషి కాదు కదా అనుకునేదాన్ని. అయితే ఆ ప్రశ్నలన్నీ ఒక్క మనిషి గురించే.

"అమ్మా, మా తమ్ముడు వానలో తడిసొస్తే ముందు ఏం తుడుచుకునేవాడు? తలా, కాళ్ళా?"

"రెండూ కాదు బావగారూ. స్కూటరు తుడిచేవారు."

"పాస్. భోంచేశావా?"

ఇంకోరోజు, "వాడికి నీ మీద కోపమొస్తే ఏం చేసేవాడు?"

"స్టూలెక్కి ఫ్యాను తుడిచేవారు."

"అందుకా మీ ఫ్యాన్లు ఎప్పుడూ తళతళలాడేవి. చాలా కోపిష్టివాడన్నమాట. పాస్."

ఆ పూట ఫోను పెట్టాక ఫ్యాను వైపు చూసి నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకి.

అలాంటి ఒక సాయంత్రం బీరువాలో ఉన్న మావారి ఫోను మోగింది. తీస్తే ఎవరో మగగొంతు, ఏడుపు దిగమింగుకుంటున్నట్టు.

"వదినా, నేను అన్నతో వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. నీకు గుర్తుండను."

మావారి పేరు పెట్టి చెప్పాడు, వర్క్‌షాపు పేరు చెప్పాడు, ఎంత మంచి మనిషో చెప్పాడు. పరాయి నోట ఆయన పేరు వినేసరికి నాకు ఆ ఫోనుకి కుర్చీ వేసి కూర్చోబెట్టాలనిపించింది.

"వదినా, సొంతదారు లేడని అన్న నంబరు ఈ సాయంత్రమే మూసేస్తున్నారు. మూస్తే అందులో మెసేజులూ వాయిసులూ అన్నీ పోతాయి. నాకు తెలిసినవాడి చేత ఆపిస్తున్నాను. ఇప్పుడు నీకు ఆరంకెలు వస్తాయి. అవి చెప్పు చాలు."

ఆ గొంతు పోతే ఆయన రెండోసారి పోయినట్టే. టింగుమని అంకెలు వచ్చాయి. కళ్ళజోడు కనపడలేదు. "ఉండు నాయనా, ఒక్క క్షణం" అని దిండ్ల కింద వెతుకుతుంటే నా ఫోను మోగింది. బావగారు. ఆయన వేళకి ఆయన. ఇంకో చేత్తో ఎత్తాను.

"అమ్మా, మా తమ్ముడు పేపరు తియ్యగానే ముందు ఏ పేజీ..."

"వెనక పేజీ. బావగారూ, తర్వాత చేస్తాను. ఆయనతో పనిచేసినబ్బాయి లైన్లో ఉన్నాడు, ఆరంకెలు చెప్పాలి, లేకపోతే ఆయన వాయిసులు పోతాయట."

ఆయన అరవలేదు. కంగారు పడలేదు. రోజూ అడిగే గొంతుతోనే అన్నారు: "పాస్. నేను పెట్టెయ్యను, లైన్లోనే ఉంటాను. ఆ అబ్బాయిని కూడా ఒకటి అడుగు. ఫోన్లో ఎవరూ రాయనిది, పక్కన పనిచేసినవాడికి తెలిసేది."

నేను ఎప్పుడూ జవాబులు చెప్పేదాన్నే గానీ ప్రశ్న వేసినదాన్ని కాదు. అయినా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"బాబూ, మీ అన్న మోటారు విప్పేటప్పుడు స్క్రూలు ఎక్కడ పెట్టుకునేవారు?"

"స్క్రూలా? అదే, టూల్‌బాక్సులో వదినా."

"కాదు."

"జేబులో."

"నోట్లో. నోటినిండా స్క్రూలు పెట్టుకుని మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అక్కడ టీ ఇచ్చే మనిషికి కూడా ఆ సంగతి తెలుసు."

వాడి గొంతులో ఏడుపు ఎటు పోయిందో తెలియదు. "అంకెలు చెప్తావా చెప్పవా? రేపు మీ ఆయన గొంతు కావాలని ఏడ్చినా రాదు" అన్నాడు.

"ఫెయిల్" అని పెట్టేశాను.

రెండో ఫోన్లోంచి బావగారు అడిగారు: "ఎన్ని మార్కులు వేశావమ్మా?"

"సున్నా."

"ఎక్కువే వేశావు. వస్తున్నా, ఉండు."

ఎవరింటి తాళమో తియ్యడానికి వచ్చినట్టు సంచి భుజాన వేసుకునే వచ్చారు. మా అమ్మాయి ఫోను చూసి చెప్పింది. ఆ అంకెలు చెప్పి ఉంటే ఆయన మెసేజుల ఖాతా వాడి చేతిలోకి వెళ్ళేది, మా ఫోన్లో మూసుకుపోయేది. ఆయన పేరుతో, ఆయన ఫొటోతో వాడు చుట్టాలందరినీ డబ్బు అడిగేవాడు. మరి వర్క్‌షాపు సంగతి వాడికెలా తెలిసిందంటే, ఆయన పోయినప్పుడు అమ్మాయి పెట్టిన పోస్టు కిందనే అందరూ రాశారు. ఎక్కడ పనిచేసేవారో, ఎవరు అన్నా అనేవారో, ఎవరు ఎంత ఏడ్చారో, అన్నీ. వీధిలో పోయేవాడెవడైనా చదువుకోవచ్చు. స్క్రూల సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

"ఏడుపు కూడా గుమ్మం లోపలే ఏడవాలన్నమాట ఈ రోజుల్లో" అన్నారు బావగారు. ఆ పోస్టు సొంతవాళ్ళకే కనపడేలా మార్పించారు. ఖాతాకి ఇంకో రహస్య నంబరు పెట్టచ్చని అమ్మాయి అంటే, "అదీ, తాళం మీద గొళ్ళెం. పెట్టు" అన్నారు. వాయిసులన్నీ ఇంకో రెండు చోట్ల దాచమన్నారు. "మారుచెవి లేని తాళం ఏం తాళం? అది పోతుందేమోనని రోజూ భయపడి చావడమే" అన్నారు. మర్నాడు ఆ చెప్పుల అలమర ఆవిడ దగ్గరికే వెళ్ళి ఫిర్యాదు రాయించారు. ఈసారి ఆవిడ ఈయన్ని ప్రశ్న అడిగిందట.

కాస్త కుదుటపడ్డాక అక్కయ్యతో అన్నాను.

"అక్కయ్యా, ఒక్కటి అర్థం కాలేదు. మొన్న బావగారు, మేం మొదటిసారి సినిమాకి వెళ్ళినప్పుడు మావారు ఇంటర్వెల్లో ఏం కొన్నారని అడిగారు. మేమిద్దరమే వెళ్ళాం. జవాబు బావగారికెలా తెలుసు?"

"తెలీదే."

"మరి పాస్ అన్నారు?"

అక్కయ్య నా వైపు జాలిగా చూసింది. "పిచ్చిదానా, నీ గొంతు ఆయనకి తెలీదా? నువ్వు దగ్గితే గుర్తుపడతారు. నీకు పెట్టేది పరీక్షనుకుంటున్నావా? పొద్దుటినించీ కొట్లో కూర్చుని ఇవాళ ఏమడగాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటారు. తట్టకపోతే భోజనానికొచ్చి నా ప్రాణం తీస్తారు, 'ఏమే, మా వాడి గురించి ఇంకేమైనా ఉందా' అని. నేనూ ఒకరోజు విసుక్కున్నాను, ఎందుకండీ ఆ పిల్లని రోజూ వేధిస్తారని. అప్పుడు చెప్పారు. 'అందరూ దాని ముందు వాడి ఊసెత్తడం మానేశారు. ఊరికే ఎత్తితే ఏడుస్తుంది. ప్రశ్న వేస్తే జవాబు చెబుతుంది' అని."

"అదే వేళకి ఎందుకు చేస్తారో తెలుసా?" అంది అక్కయ్యే మళ్ళీ. "ఆ వేళకి 'బయల్దేరుతున్నా' అని నీ ఫోను మోగడం అలవాటు కదా. ఊరుకుంటే ఇల్లు బోసిపోతుందట."

ఇన్నాళ్ళూ ఆయన మనుషుల్ని నమ్మరని నవ్వుకున్నవాళ్ళం. అడిగిన ప్రతి ప్రశ్నకీ నేను చెప్పిందే నమ్మి, జవాబు తెలియకుండా పాస్ అంటూ వచ్చారు. అంతకన్నా నమ్మకం ఏముంటుంది?

ఆ సాయంత్రం ఫోను మోగగానే ఆయన నోరు తెరవకముందే నేనే అన్నాను.

"ఆగండి బావగారూ. మీరు మీరేనని ఏమిటి రుజువు?"

"అడుగు" అన్నారు, చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లాడిలా.

"చిన్నప్పుడు మీరూ మీ తమ్ముడూ కలిసి చేసి, ఇంట్లో ఎవరికీ చెప్పనిది ఏమిటి?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "వాడికి నోట్లో స్క్రూలు పెట్టుకోవడం అప్పట్నించే ఉంది. ఒకటి మింగేశాడు. ఎవరికీ చెప్పద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అది బయటపడే దాకా వాడి వెనకాలే తిరిగాను, కర్ర పుల్ల పట్టుకుని."

"దొరికిందా?"

"దొరక్కేం. బంగారంలా దాచాను. కొట్టు పెట్టినప్పుడు తలుపుకి బిగించాను. ఇప్పటికీ ఉంది. తలుపు తియ్యగానే ఎడమ చేతి వైపు, పై కీలుకి."

ఆ తలుపు పట్టుకుని నేను ఎన్నిసార్లు నిలబడ్డానో. నవ్వాపుకుంటూ అడిగాను.

"కడిగారా బావగారూ?"

"అదేం ప్రశ్నమ్మా."

"జవాబు చెప్పండి."

"...కడిగాను."

"పాస్" అన్నాను.